రెండోసారి అడిగిన ప్రశ్న

మా వాడకట్టులో నేను బ్యాంకులో పనిచేస్తానని అందరికీ తెలుసు. ఏ బ్యాంకో మాత్రం ఎవరికీ తెలియదు. పక్కింటి స్వర్ణలత పెద్దమ్మ బంగారం మీద లోను ఇప్పించమని అడిగింది. ఇప్పించలేనని చెబితే, ఉద్యోగం రాగానే పిల్లకు పొగరెక్కిందని మా అమ్మ శంకరమ్మతో అంది. మా బ్యాంకులో పాసుబుక్కులుండవు, కౌంటర్లుండవు, ఆ మాటకొస్తే డబ్బులు కూడా ఉండవు. కంపెనీ అమ్ముకోవాలనుకునే వాళ్ళకు కొనేవాళ్ళను వెతికిపెట్టి, ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, బేరం తెగేదాకా కాపలా ఉండటమే మా పని. దాన్నే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అంటారని మా నాయిన గండయ్యకు ఒక ఆదివారం ఓపిగ్గా వివరించాను.

ఆయన అంతా విని, "అంటే మన మేడిపల్లి నరేందర్ చేసేదే గదా," అన్నాడు. నరేందర్ వరంగల్ హైవే పక్కన ప్లాట్లు అమ్మిపెడతాడు. "గాయిన ఎండల నిలవడి అమ్ముతడు, మీరు ఏసీల కూసొని అమ్ముతరు. గంతేనా?"

నాకు ఒళ్ళు మండింది. కాసేపు ఆలోచిస్తే ఆయన మాటలో తప్పేమీ దొరకలేదు. గంతే అన్నాను.

ఆ ఏసీ గదిలో అడుగుపెట్టడానికి నేను పడ్డ పాట్లు నరేందర్ పడి ఉండడు. ఉప్పల్‌లో మామూలు కాలేజీలో బీకాం చదివిన పిల్లను రాయదుర్గంలో ఎవరూ పిలవరు. పిలవకపోతే నేనే వెళ్తాననుకున్నాను. హబ్సిగూడలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తూ, కంపెనీలకు విలువ కట్టడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నగరంలో ఇలాంటి పని చేసే వాళ్ళ పేర్లన్నీ వెతికి మెయిళ్ళు పంపాను. చాలామంది పలకలేదు. ఒకాయన మాత్రం "ముందు మంచి కాలేజీలో ఎంబీఏ చెయ్యమ్మా" అని సలహా ఇచ్చాడు. ఆయనకు థాంక్స్ చెప్పి, కొన్నాళ్ళాగి మళ్ళీ అదే మెయిల్ పంపాను.

చివరికి హరిణి అనే ఆవిడ జవాబిచ్చింది. "శనివారం రా. ఒక పరీక్ష పెడతాను. ఫెయిలైతే మళ్ళీ మెయిల్ పెట్టకు." ఆ ముక్క చదివి సంతోషంతో ఇల్లంతా తిరిగాను. శనివారం వెళ్తే ఒక సిమెంటు కంపెనీ లెక్కలు ముందు పడేసి విలువ కట్టమంది. నేను కట్టింది తప్పయింది. కాగితం ఆమె చేతికిచ్చాక ఎక్కడ తప్పానో నాకే తట్టింది. తిరిగి లాక్కున్నంత పని చేసి, మళ్ళీ చేస్తానన్నాను. ఆమె కాఫీ తాగి వచ్చేసరికి ఇంకో కాగితం సిద్ధంగా పెట్టాను.

"ఇది కరెక్టే," అంది. "కానీ నువ్వు నా చేతిలోంచి కాగితం లాక్కున్నావు."

"సారీ మేడం."

"మేడం కాదు, హరిణి. సోమవారం జాయినవ్వు."

ఆరు నెలల ప్రొబేషన్. నాకిచ్చిన కుర్చీ అంతకుముందు సాత్విక్ అనే అబ్బాయిదట. పెద్ద కాలేజీలో ఎంబీఏ చేసినవాడు. ప్రొబేషన్ అవగానే వద్దని పంపేశారు. అతని ఐడీ కార్డు తాడు ఇంకా సొరుగులోనే ఉంది. నేను తీసి పారెయ్యలేదు. సొరుగు తెరిచినప్పుడల్లా అది కనబడటం నాకు మంచిదే అనుకున్నాను.

మా డైరెక్టర్ పేరు హృషికేశ్. మిలిటరీ ఆఫీసర్ కొడుకు, సైనిక్‌పురిలో పుట్టి పెరిగినవాడు. సైనిక్‌పురి నుంచి మా నాచారానికి బండి మీద ఎంతోసేపు పట్టదు. అయినా మా వైపు ఎప్పుడూ వచ్చిన పాపాన పోలేదట. ఆయనకు నేను పంపిన పేజీలు ఎర్ర గీతలతో తిరిగొచ్చేవి. దిద్ది పంపితే ఇంకోచోట గీతలు పడేవి. మొదటి నెలలో ఒకసారి బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చాను. రెండోసారి ఏడుపొచ్చినప్పుడు టైం లేక మానేశాను. మెట్రోలో కడ్డీ పట్టుకొని నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను. కానీ ఒక్కరోజు కూడా ఉద్యోగం మానేద్దామనిపించలేదు. ఇంత కష్టపడి దూరిన గదిలోంచి నా అంతట నేను బయటికెళ్ళే ప్రసక్తే లేదు.

ఆ వేసవిలో నాకు ప్రాజెక్ట్ కోబాల్ట్ ఇచ్చారు. అమ్మకానికొచ్చిన కంపెనీ అసలు పేరు మా ఆఫీసులో కూడా పైకి అనకూడదు. సంగతి బయటికి పొక్కితే అక్కడి పనివాళ్ళు బెదిరిపోతారు, సరుకు కొనేవాళ్ళు జారుకుంటారు, బేరం చెడుతుంది. అందుకని ప్రతి బేరానికీ ఒక మారుపేరు పెడతారు. పెట్టిన పేరు కోబాల్ట్ గానీ, ఫైలు తెరిచి చూస్తే ఉన్నది మా నాచారమే. మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీ. ఒకప్పుడు మా తాత జొన్నలు వేసిన నేల మీద కట్టింది. మా నాయిన ఇరవై ఏళ్ళుగా అందులోనే పనిచేస్తున్నాడు.

లేచి వెళ్ళి హరిణికి ఉన్న సంగతి చెప్పేశాను. దాచిపెట్టి తర్వాత దొరికితే సాత్విక్ తాడు పక్కన నా తాడు కూడా చేరుతుంది.

"మీ నాన్నగారికి అందులో షేర్లున్నాయా?"

"లేవు."

"మేనేజరా?"

"కాదు. మెషిన్ ఆపరేటర్."

ఆమె ఎవరెవరికో రాసి అనుమతి తెప్పించింది. పని చెయ్యొచ్చు, ఇంట్లో మాత్రం నోరు విప్పకూడదు. "ఒక్క మాట జారినా నువ్వూ నేనూ ఇద్దరం ఇంటికే," అంది.

హృషికేశ్ నన్ను పిలిచి ఇంకొకటి చేర్చాడు. "కోబాల్ట్ క్లోజ్ అయి సంతకాలు పడిన రోజు నీ కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తాను. క్లోజ్ కాకపోతే నీ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు." ఆయన మాట్లాడే తీరే అంత. నాకది నచ్చింది కూడా. ఏది గెలిస్తే ఇక్కడ ఉంటానో తేలిపోయింది.

ఇంట్లో నోరు కట్టేసుకోవడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. మా నాయిన మాట్లాడేది రెండే విషయాలు. ఒకటి ఉప్పల్ స్టేడియంలో క్రికెట్, రెండోది ఆయన మెషిన్. మందు పొడిని మాత్రలుగా నొక్కే ఆ మెషిన్‌తో ఆయనకు నిత్యం యుద్ధమే.

"మళ్ల ఆగింది," అంటూనే గడపలోకి వచ్చేవాడు. "అచ్చులకు మాత్రలు అతుక్కుంటయి. ఇప్పి తుడిసి మళ్ల బిగించుడు. మేనేజర్ సారేమో ఆగినట్టు రాయకు అంటడు. అది మెషిన్ గాదే, నా పాణానికి పట్టిన శని."

"దాని ముచ్చట ఇని ఇని నా చెవులు పోయినయి," అనేది అమ్మ. "కాళ్లు కడుక్కొని రా, తిందువు."

నేను కంచంలో తల పెట్టుకొని తినేదాన్ని. మర్నాడు ఆఫీసులో అదే ఫ్యాక్టరీ గురించి కొనేవాళ్ళకు ఇచ్చే పుస్తకం రాయాలి. యంత్రాలు ఏడాది పొడవునా సాఫీగా నడుస్తాయని కంపెనీ రాసిచ్చింది. మెషిన్లు ఆగిన రికార్డులు పంపమని ప్లాంట్ హెడ్‌కు మెయిల్ పెట్టాను. చెప్పుకోదగ్గవి ఏవీ లేవని జవాబు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే జవాబు. మా నాయిన అన్నాడని రాయడానికి లేదు కదా. "కంపెనీ తెలిపిన ప్రకారం" అని ముందు తగిలించి, ఆ వాక్యం అలాగే రాశాను. రాస్తున్నంతసేపూ నాకు చిరాగ్గానే ఉంది.

కొంటామని చెన్నై కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. వాళ్ళ ఇంజనీర్, తెల్ల మీసాల పెద్దమనిషి, ఫ్యాక్టరీ చూసి పోతానన్నాడు. పనివాళ్ళకు అనుమానం రాకుండా, ఇన్సూరెన్స్ వాళ్ళు తనిఖీకి వచ్చారని చెప్పాలి. మా వృత్తిలో ఇది మామూలే. ఆ పెద్దాయనకు తెలుగు రాదు, హిందీ కూడా రాదు. ఆపరేటర్లతో తానే మాట్లాడతాననీ, మధ్యలో తర్జుమాకు ఫ్యాక్టరీ మనిషి వద్దనీ షరతు పెట్టాడు. హృషికేశ్ నా వైపు చూశాడు. హరిణి నన్ను పక్కకు పిలిచి మీ నాన్నగారి షిఫ్ట్ ఎప్పుడని అడిగింది. ఈ వారం రెండో షిఫ్ట్, మధ్యాహ్నం గానీ రాడని చెప్పాను. మేం వెళ్ళేది పొద్దున.

మాత్రలు తయారయ్యే చోటికి ఊరికే వెళ్ళనివ్వరు. ముందు గదిలో వాచీ, చెవికమ్మలు, బొట్టు తీసేయించారు. తలకు టోపీ, మూతికి మాస్కు, మెడ నుంచి కాళ్ళదాకా తెల్ల గౌను, చెప్పుల మీద కవర్లు. అద్దంలో నాకు నా కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. అందరం ఒకే తీరుగా ఉన్నాం. హృషికేశ్‌ను కూడా పొడుగును బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. నన్నెవరూ పోల్చలేరని ధీమా వచ్చింది.

ప్లాంట్ హెడ్ ముందు నడిచాడు. రెండు గదులు చూపించి మూడో గది తలుపు తీశాడు. లోపల మెషిన్ టకటకా కొడుతోంది. దాని ముందు ఒక ఆపరేటర్ అటు తిరిగి నిలబడి, రెండు వేళ్ళతో మెషిన్ పక్క రేకును తడుతున్నాడు. బండి స్టార్ట్ కానప్పుడు మా ఇంటి ముందు పెట్రోలు ట్యాంకును తట్టేది ఆ రెండు వేళ్ళే. అది మా నాయిన.

మొదటి షిఫ్టులో ఆ మెషిన్ నడిపే రంజిత్ భార్యకు నొప్పులొచ్చి దవాఖానాకు తీసుకుపోతే, అతన్ని పంపించి నాయిన వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తలుపు దగ్గర బిగుసుకుపోయాను. ఇక వెనక్కి తిరగడానికి లేదు.

పెద్దాయన మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింది డబ్బాలోకి చూశాడు. లేచి ఇంగ్లీషులో నాతో, ఈ మెషిన్ ఎప్పుడైనా ఆగుతుందేమో అడగమన్నాడు.

"అన్నా," అన్నాను. గొంతు నాది కానట్టు ఉండాలని చూశాను గానీ అది నాదే. "ఈ మెషిన్ ఎప్పుడన్న ఆగుతదా అని సార్ అడుగుతున్నరు."

నాయిన మాస్కు పైనుంచి నన్ను చూశాడు. తర్వాత హృషికేశ్‌ను, పెద్దాయనను, ప్లాంట్ హెడ్‌ను చూశాడు. మళ్ళీ నన్ను. ఆయన లోపల నడుస్తున్న లెక్క నాకు తెలిసిపోతూనే ఉంది. ఇది నా బిడ్డ. ఇన్సూరెన్స్ పిల్ల కాదు. ఏదో పెద్ద పని మీద వచ్చింది. నేను మంచిగ చెప్తే నా బిడ్డకు మంచిగైతది.

"ఆగదు మేడం," అన్నాడు. "పదేండ్ల సంది ఒక్కపారి గూడ ఆగలే. బంగారమసోంటి మెషిన్."

ప్లాంట్ హెడ్ కళ్ళు మాస్కు పైన నవ్వాయి. హృషికేశ్ తృప్తిగా తల ఊపాడు. పెద్దాయన నా తర్జుమా కోసం ఎదురుచూస్తున్నాడు. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. చెప్పేస్తే బేరం సాఫీగా పోతుంది, లెటర్ చేతికొస్తుంది, నన్ను వేలెత్తి చూపేవాళ్ళు ఉండరు. ఆయన అన్నది అన్నట్టే చెప్పాను కదా అనొచ్చు.

కానీ ఆ తర్వాత జరిగేది కూడా నాకు తెలుసు. చెన్నైవాళ్ళు కొన్న మొదటి వారంలోనే మెషిన్ ఆగుతుంది. ఆగదని చెప్పిన ఆపరేటర్ ఎవరని అడుగుతారు. ప్లాంట్ హెడ్ పేరు ఎవరికీ గుర్తుండదు, మెషిన్ ముందు నిలబడ్డ గండయ్య దొరుకుతాడు. నాకోసం ఆడిన అబద్ధం ఆయన మెడకు చుట్టుకుంటుంది. నాకు భయమేసింది, కోపమొచ్చింది. ఇంత ప్రేమ చూపించడానికి ఈ మనిషికి వేరే చోటు దొరకలేదా అనిపించింది.

"అన్నా, ఇంకోపారి అడుగుతున్న," అన్నాను. "నిన్న గూడ ఆగలేదా?"

"చెప్పిండు గదమ్మా," అన్నాడు ప్లాంట్ హెడ్. "ఇంకేం గావాలె?"

నేను అతని వైపు చూడలేదు. "నీ మాటనే రాసుకుంట అన్నా. రేపు ఎవరన్న అడిగితే నువ్వే నిలవడాలె. జర సోంచాయించి చెప్పు."

చిన్నప్పుడు లెక్క తప్పుచేసి పలకను చేత్తో కప్పుకుంటే, నాయిన ఏమీ అనకుండా నా మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. నేనే చెయ్యి తీసేదాన్ని. ఇప్పుడు నేను అలా నిలబడ్డాను. ఆయన కళ్ళు దించి, మళ్ళీ ఎత్తాడు.

"ఆగుతది మేడం. దినాం ఆగుతది. నిన్న మూడుపార్ల ఆగింది. కొత్త అచ్చులు తెప్పియ్యుమని ఏడాది సంది మొత్తుకుంటున్న."

అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన నాయినకు థాంక్స్ చెప్పి, ఇంకేమీ అడక్కుండా బయటికి నడిచాడు.

తిరుగు ప్రయాణంలో కారు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హృషికేశ్ నా వైపు తిరిగాడు.

"అతను ఒక జవాబు చెప్పాడు. నువ్వు తర్జుమా చెయ్యాలి. రెండోసారి అడగమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సర్."

"మనం ఎవరి తరఫున పనిచేస్తున్నాం?"

"అమ్మేవాళ్ళ తరఫున సర్. ఆ మొదటి జవాబు మీద అమ్మితే కొన్నవాళ్ళు రేపు కోర్టుకెళ్తారు. మన పుస్తకంలో మన పేరుంటది."

"అది అబద్ధమని నీకెలా తెలుసు?"

"ఆయన మా నాయిన సర్. షిఫ్ట్ మారినట్టుంది."

హృషికేశ్ కిటికీ వైపు తిరిగాడు. రాయదుర్గంలో దిగేటప్పుడు, "రేపట్నుంచి కోబాల్ట్ కాల్స్‌లో నువ్వు ఉండక్కర్లేదు," అన్నాడు. జరిగింది హరిణికి తానే చెబుతానని కూడా అన్నాడు.

ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. సాయంత్రం మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపొస్తుందని భయం.

ఇంటికి వెళ్ళేసరికి నాయిన కాళ్ళు కడుక్కొని కంచం ముందు కూర్చున్నాడు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. మొదలుపెట్టడానికి అసలు వీలే లేదు.

"ఇయ్యాల ఇన్సూరెన్సోళ్లు వచ్చిన్రే," అన్నాడు అమ్మతో. నా వైపు చూడలేదు. "అండ్ల ఒక మేడం ఉండె. మెషిన్ ఆగుతదా అని అడిగింది. ఆగదు అన్న. ఇంకోపారి అడుగుతున్న అన్నది."

"నీ మీద నమ్మకం లేకనా?" అంది అమ్మ. "ఎవరి పిల్లనో గని, పెద్దమనిషిని పట్టుకొని గట్ల అడుగుతదా?"

"ఎవరి పిల్లనో నాకేం ఎరుక. మూతికి మాస్కు ఉండె." అన్నంలో పప్పు కలుపుకున్నాడు. "నాకైతే శరమైంది. ఆమెకు మంచిగ గావాలనే ఆగదు అన్న."

"ఆ మేడం గూడ నీకు మంచిగ గావాలనే మళ్ల అడిగిందేమో," అన్నాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "అయుంటది," అన్నాడు. కాసేపటికి, "గట్టి పిల్ల," అన్నాడు.

"మీ ఇద్దరికి ఇగ ఆ మెషిన్ తప్ప వేరే ముచ్చట లేదు," అంది అమ్మ. నేను నీళ్ళ నెపంతో లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆపుకున్న ఏడుపంతా ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చి తిన్నాను.

మరుసటి వారం నాయినను మెషిన్ మీది నుంచి తీసి అట్టపెట్టెలు మడిచే ప్యాకింగ్‌లో వేశారు. ప్లాంట్ హెడ్ చేతనైంది అదే. "ఫికర్ జెయ్యకు బిడ్డా, ఆడ గాలి మంచిగొస్తది," అన్నాడు నాతో. ఆ మెషిన్‌ను ఎంత తిట్టినా, అది లేని సాయంత్రాల్లో ఆయనకు మాటలు కరువయ్యాయి. నాకు ప్లాంట్ హెడ్ మీద పీకలదాకా కోపం. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించి పనిలో పెట్టాను.

కాల్స్‌లో ఉండొద్దన్నారు గానీ పని చెయ్యొద్దని ఎవరూ అనలేదు. చెన్నైవాళ్ళు గట్టిగా అడగడంతో మెషిన్లు ఆగిన రికార్డులు ఎట్టకేలకు ఆఫీసుకొచ్చాయి. ఇక ఇంట్లో విన్నది వాడాల్సిన అవసరం లేదు. పాత మెషిన్ ఎంతసేపు ఆగుతోంది, కొత్తది పెడితే ఎంత సరుకు ఎక్కువొస్తుంది, పెట్టిన ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుంది, అన్నీ కట్టి ఒక పేజీ చేశాను. కంపెనీకి ఇప్పుడు తక్కువ రేటు వచ్చినా, కొనేవాళ్ళకు ఏం కొంటున్నారో స్పష్టంగా తెలుస్తుంది. హరిణి దాన్ని ఎర్ర గీతలతో నింపింది. మళ్ళీ చేశాను. మళ్ళీ నింపింది. మళ్ళీ చేశాను.

"ఇప్పుడు బాగుంది," అంది. "హృషికేశ్ దగ్గరికి నీ పేరుతోనే పంపిస్తున్నా. తిట్లు కూడా నీవే."

తిట్లు రాలేదు, మెచ్చుకోలూ రాలేదు. చెన్నై నుంచి కూడా ఉలుకూపలుకూ లేదు. ఆఫీసులో నాతో మాట్లాడేవాళ్ళు మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టారు. సాత్విక్‌తో కూడా ఇలాగే మర్యాదగా ఉండి ఉంటారు. నేను రోజూ అందరికంటే ముందొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. లేవమని చెప్పేదాకా అది నా కుర్చీయే.

ఒక మధ్యాహ్నం హరిణి నన్ను కాల్‌లోకి రమ్మంది. వెళ్తే ఫోన్లో చెన్నై పెద్దాయన. ఆ రోజు ప్రశ్న వెయ్యకముందే కింది డబ్బాలో విరిగిన మాత్రలు చూశాడట. వీళ్ళు ఏం చెబుతారో చూద్దామనే అడిగాడట. మొదటి జవాబుతో సరిపెట్టి ఉంటే ఆ సాయంత్రమే వద్దనుకొని వెళ్ళిపోయేవాణ్ణని చెప్పాడు. ఎందుకంటే అబద్ధం ఒక మెషిన్ దగ్గర ఉంటే ఎన్ని మెషిన్ల దగ్గర ఉందో ఆయనకు తెలియదు. తర్వాత నా పేజీ తెరిచి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఒకదానికి తెలియదని చెప్పి, కనుక్కొని సాయంత్రం పంపాను.

వానలు మొదలయ్యాక కోబాల్ట్ క్లోజ్ అయింది. అమ్మినవాళ్ళు రేటు తగ్గిందని సణిగారు, కానీ సంతకాలు పెట్టారు. హృషికేశ్ నన్ను గదిలోకి పిలిచి లెటర్ ఇచ్చాడు.

"నీవల్ల రేటు తగ్గింది," అన్నాడు.

"అవును సర్."

"బేరం నిలిచింది కూడా. ఇంకోసారి ఎవర్నైనా రెండోసారి అడిగే ముందు నాకు చెప్పు."

"అప్పుడు చెప్పే టైం ఉండదు సర్."

ఆయన వెళ్ళమని చెయ్యి ఊపాడు. తలుపు దాకా వెళ్ళాక, "మీ నాన్నగారిని అడిగానని చెప్పు," అన్నాడు. నా సీటు దగ్గరికి వచ్చి సొరుగు తెరిచాను. సాత్విక్ తాడు అక్కడే ఉంది. అలాగే ఉంచాను. తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. ఇక నోరు విప్పొచ్చు. పేపరు తీసుకెళ్ళి నాయిన ముందు పెట్టి, లెటర్ దాని మీద పెట్టాను. ఆయన రెండూ చదివాడు. అమ్మను పిలిచి, "నీ బిడ్డ నౌకరీ పక్కా అయింది," అన్నాడు. ఇన్సూరెన్స్ మేడం ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెన్నైవాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ పాత మెషిన్ తీసేసి కొత్తది పెట్టడం. దాని మీద నాయినను వేశారు. మళ్ళీ సాయంత్రాలు మెషిన్ ముచ్చట్లు మొదలయ్యాయి. ఈసారి పొగడ్తలు. అమ్మ ఇవి కూడా వినలేనంది.

ఒక సోమవారం రెండో షిఫ్టు ఉండటంతో నాయిన నన్ను బండి మీద హబ్సిగూడ మెట్రో దగ్గర దింపాడు. నేను బ్యాగు సర్దుకొని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాను. ఎందుకో అడగాలనిపించింది.

"అన్నా, కొత్త మెషిన్ ఆగుతదా?"

నాయిన హెల్మెట్ అద్దం పైకెత్తాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. హ్యాండిల్ మీద రెండు వేళ్ళతో తడుతూ, గుర్తుచేసుకొని మరీ చెప్పాడు.

"శుక్రవారం నాడు ఒక్కపారి ఆగింది మేడం," అన్నాడు. "రాసుకో."

మెట్లెక్కుతూ నవ్వుకున్నాను. పైకి చేరేసరికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.